ఏక్‌బాల్‌పూర్ దారిలో ఒండ్రు చెప్పిన పాఠం

కోల్‌కతా యాత్రకు వెళ్ళిన తెలుగువారు కాళీఘాట్, దక్షిణేశ్వరం దర్శించి, హౌరా వంతెన చూసి తిరిగివస్తారు. ఖిదిర్‌పూర్ రేవును ఆనుకొని, డైమండ్ హార్బర్ రోడ్డుపైనున్న ఏక్‌బాల్‌పూర్ పేట వారి కంటబడదు. రేవు పనిమీద వెళ్ళిన మేము కొన్నాళ్ళు అక్కడ బస చేశాము.

ఖిదిర్‌పూర్ డాకు 1892 నాటిది. హుగ్లీ నది తెచ్చిపోసే ఒండ్రును ఎప్పటికప్పుడు తవ్వి తీయనిదే ఓడలు ఈ రేవుకు చేరలేవు. మావంటి ఇంజనీర్ల దృష్టిలో ఒండ్రంటే తొలగించవలసిన ఘనపు మీటర్ల లెక్క మాత్రమే.

ఒక ఆదివారం అదే రోడ్డున బేహాలా, డైమండ్ హార్బర్, కాక్‌ద్వీప్ మీదుగా నామ్‌ఖానా చేరుకున్నాము. ఆటు సమయాన ఏటి గట్లు నల్లని బురదతో నిగనిగలాడుతున్నాయి. ఆవలి సుందర్‌బన్స్‌లో లోథియన్ దీవి ఉన్నది. మన కోరింగ వలెనే మడ అడవి. అభయారణ్యం గనుక అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు.

ఆ దీవి ఒండ్రు నుండి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక బాక్టీరియాను వేరుచేశారు. 2011లో దానికి స్ట్రెప్టోమైసిస్ సుందర్‌బన్‌సెన్సిస్ అని నామకరణం జరిగింది. అది తయారుచేసే 2-అల్లైలాక్సీఫినాల్ అంతకుమునుపు రసాయనశాలల్లో కృత్రిమంగా చేసినదే. దానికి సూక్ష్మజీవులను అణచే గుణమున్నది.

పద్ధతి చెప్పుటకు సులభమే. ఒండ్రును నీటిలో పలుచన చేసి పోషకపు జెల్లీపై పరుస్తారు. మొలిచిన జీవులను వేరుచేసి పెంచి, అవి స్రవించిన ద్రవం నుండి రసాయనాలను రాబట్టి పరీక్షిస్తారు. అయితే ఒండ్రులోని జీవుల్లో అధికభాగం ప్రయోగశాలలో మొలవనే మొలవవు. అందుకే ఈ కృషికి ఎంతో ఓర్పు కావాలి.

మట్టి నుండి మందు తీయుట తెలుగువారికి కొత్త కాదు. భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి సారథ్యంలో లెడర్లే ప్రయోగశాల 1948లో వెలువరించిన ఆరియోమైసిన్‌కు మూలం అమెరికాలోని మిస్సోరి నేలమట్టి. ఆ మట్టిలోని జీవి కూడ స్ట్రెప్టోమైసిస్ ప్రజాతికి చెందినదే. సముద్రపు ఒండ్రు వంతు తరువాత వచ్చింది. బహమాస్ ఒండ్రులో లభించిన సాలినిస్పోరా బాక్టీరియా నుండి తీసిన సాలినోస్పోరమైడ్-ఎ వివరాలు 2003లో వెలువడినాయి. కాన్సర్ రోగులపై ప్రయోగాలు జరిగినా, రెండు దశాబ్దాలు గడిచినా అది సాధారణ వైద్యంలోకి రాలేదు. వేయి జీవులను వెదికితేగాని ఒక్క మందు దొరకదు.

కనుక మడ అడవిని నరికినా, ఏటి నోటిని విషజలాలతో నింపినా మనం పోగొట్టుకునేది చెట్లను, చేపలను మాత్రమే కాదు. ఇంకా ఎవ్వరూ తెరచి చూడని మందుల పెట్టెను కూడ. రేవుల్లో మనం తవ్వి పారబోసే ఒండ్రులో గుప్పెడు, సమీప విశ్వవిద్యాలయానికి పంపితే ఖర్చు స్వల్పం. ఘనపు మీటర్లు లెక్కించే మనకు ఆ గుప్పెడు ఒక భారమా?