ఒక్క తీగ

శ్రీకాకుళం జిల్లా అక్కుపల్లి తీరం ఇసుకలో కూర్చుని ఆ రికార్డును చివరిదాకా విన్నాను. అంతకుముందు రెండుసార్లు సగంలోనే ఆపేశాను. వాయించింది ఎమ్‌సీ5 అనే అయిదుగురు కుర్రాళ్లు, ఊరు అమెరికాలో కార్ల కర్మాగారాల డెట్రాయిట్. ఇళ్ల పక్క కార్ల షెడ్లలో సాధన చేసుకున్న కుర్రకారు మోటు సంగీతానికి గరాజ్ రాక్ అని పేరొచ్చింది. వీళ్లదీ ఆ కోవే. మొదటి ఆల్బమ్ ‘కిక్ ఔట్ ద జామ్స్’ స్టూడియోలో చెక్కింది కాదు. 1968 అక్టోబర్ 30, 31 రాత్రుళ్లు గ్రాండే బాల్‌రూమ్‌లో జనం ముందు వాయించింది వాయించినట్టే రికార్డు చేశారు.

1969 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్ పత్రిక దాన్ని చీల్చి చెండాడింది. రాసినవాడు లెస్టర్ బ్యాంగ్స్. ఇరవై ఏళ్లవాడు, ఆ పత్రికలో అతనికదే తొలి సమీక్ష. ఆర్భాటం ఎక్కువనీ, రెండు కార్డుల (కలిపి మోగే స్వరాల) మీదే నడిచే పాటల్లో దేనికీ దేనికీ తేడా తెలియదనీ అతని ఫిర్యాదు.

రెండు కార్డులు తక్కువా? మా ఉత్తరాంధ్ర కథకులు వాయించే జముకుకు ఉన్నది ఒక్క తీగే. చంకలో ఇరికించుకుని మీటితే అది బుర్రుమంటుంది, మూలుగుతుంది, కథకుడి గొంతును వెనకనుంచి తోస్తుంది. తియ్యదనం వెతికితే దొరకదు. గదిలో ఒక్కణ్నీ కూర్చుని వింటే పది నిమిషాలకే నాకు విసుగు. రాత్రి జనం మధ్య, వంతలు అందుకుంటుంటే, ఆ విసుగు పుట్టాల్సిన చోటే ఒళ్లు ఊగడం మొదలవుతుంది. ఇక్కడికి దగ్గర్లోని బొడ్డపాడులో కవి సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళం రైతుల పోరాటాన్ని చెప్పడానికి ఈ జముకుల కథనే ఎంచుకున్నాడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో పోయాడు. ఆ కథకు విలువ కట్టింది దాని చుట్టూ చేరిన ఊళ్లే.

బ్యాంగ్స్ చెవి చెడ్డదని నేననను. డెట్రాయిట్ హాలులోని ఉక్క, చెమట, తోపులాట కాలిఫోర్నియాలో పెరిగిన ఆ కుర్రాడికి రికార్డు మీద గీతల్లోంచి అందలేదంతే. తర్వాత అభిప్రాయం మార్చుకున్నాడు, ఆ ఆల్బమ్ తనకెంత ఇష్టమో రాశాడు కూడా. డెట్రాయిట్‌లో పుట్టిన క్రీమ్ పత్రికలో చేరి, ఆ మోటు సంగీతానికే పెద్ద గొంతయ్యాడు. అచ్చులో తిట్టినదాన్ని అచ్చులోనే మెచ్చుకోగలవాడి మాట నాకు విలువైనది.

ఆ మార్పు జట్టును కాపాడలేదు. అమ్మకాల జాబితాలో 30వ స్థానం దాకా పోయిన రికార్డును అందులోని బూతుమాట కారణంగా హడ్సన్స్ దుకాణాలు అమ్మనన్నాయి. గొడవ ముదిరి, ఆ రికార్డు వేసిన ఎలెక్ట్రా కంపెనీ వాళ్లను వదిలించుకుంది.

నా ఫోన్లో గిటార్ కూత పెట్టింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తాడు.

“ఏటి బావూ, ఎక్కడి జముకిది?”

శబ్దం పెంచి ఆయన దగ్గరికి జరిగాను.