ఇంకా డబుల్స్ ఉంది

మా అత్తయ్య క్రికెట్ మనిషి. 2025 ఏప్రిల్లో ఒక పొద్దున, "ఇవాళ కొరియాతో మన ఆడపిల్లల టై ఉంది అత్తయ్యా" అన్నాను. "ఆట మొదలవకుండానే టై ఎలా అయిందే?" అంది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. క్రికెట్లో టై అంటే స్కోరు సమమవడం. టీమ్ టెన్నిస్‌లో మాత్రం రెండు దేశాల మధ్య జరిగే పోరు మొత్తాన్నీ టై అంటారు. ఇక్కడ సమమనే మాటే లేదు. ఇలాంటి టైలో రెండు సింగిల్స్, ఒక డబుల్స్ ఆడతారు, రెండు గెలిచినవాళ్ళదే టై. అందుకే చెరొక సింగిల్స్ గెలిచినప్పుడు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఇంకా డబుల్స్ ఉందిగా!

ఆ రోజు పుణెలో సరిగ్గా అదే జరిగింది. బిల్లీ జీన్ కింగ్ కప్, ఆసియా-ఓషియానియా గ్రూపు. ఆరు దేశాలు, అయిదు రోజులు, ఒక్కో దేశానికి రోజుకొక టై. ఆ రోజు మన జట్టులో సింగిల్స్ ఆడినవాళ్ళిద్దరూ తెలుగు పిల్లలే: సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి. (భమిడిపాటి అనగానే నాకు హాస్యరచయిత కామేశ్వరరావుగారు గుర్తొస్తారు. ఇకమీదట ఆ ఇంటిపేరుకి ఒక ఫోర్‌హ్యాండ్ కూడా గుర్తు రావడం ఎంత బాగుందో!) శ్రీవల్లి అయిదు రోజులూ ఒక్క సింగిల్స్ కూడా ఓడలేదు. కొరియా మీద మూడు సెట్లు పోరాడి గెలిచింది. సహజ ఓడిపోయింది. ఒకటి-ఒకటి. అప్పుడు అంకితా రైనా, ప్రార్థనా తోంబ్రే డబుల్స్‌కి దిగి గెలిపించారు. న్యూజిలాండ్ తరవాత రెండో స్థానం మనది. ప్లే-ఆఫ్‌కి చేరాం.

ప్లే-ఆఫ్ అంటే గుమ్మం అనుకోండి. లోపల పెద్ద దేశాలు, బయట ఖండాలవారీ గ్రూపులు. గుమ్మం దాటితే ప్రపంచ క్వాలిఫయర్స్. దాటలేకపోతే మళ్ళీ బయటికే, మొదటినుంచీ మొదలు. పట్టికలో ఎక్కడో మధ్యన ఉంటుంది కాబట్టి పత్రికలవాళ్ళు దీనికి మూలన నాలుగు వాక్యాలు కేటాయిస్తారు. నాకది కష్టంగా ఉంటుంది. ఫైనల్లో ఓడినవాళ్ళకి చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది. గుమ్మం దగ్గర ఓడినవాళ్ళకి ఏముంటుంది చెప్పండి?

డబుల్స్ మీద నాకున్న ఈ మమకారానికి మూలం చాలా వెనక ఉంది. ఈ పోటీ ఫెడరేషన్ కప్ అనే పేరుతో 1963లో లండన్ క్వీన్స్ క్లబ్‌లో 16 దేశాలతో మొదలైంది. ఫైనల్ అమెరికాకీ ఆస్ట్రేలియాకీ. ఆస్ట్రేలియా తరఫున మార్గరెట్ స్మిత్ ఒక సింగిల్స్ అవలీలగా గెలిచేసింది. రెండోది అమెరికాకి గెలిచిపెట్టిన పిల్ల పేరు బిల్లీ జీన్ మోఫిట్. సింగిల్స్‌లో మొదటి సెట్ పోగొట్టుకుని మరీ గెలిచిన ఆ పిల్లే డార్లీన్ హార్డ్‌తో కలిసి డబుల్స్‌కీ దిగింది. 3-6, 13-11, 6-3. ఆ పదమూడు-పదకొండు చూశారా! టై-బ్రేక్ పుట్టని రోజులు. రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడుతూనే ఉండాలి. పెళ్ళయ్యాక బిల్లీ జీన్ కింగ్ అయింది ఈవిడే. 2020 సెప్టెంబరులో కప్పుకి ఆమె పేరే పెట్టారు.

ఆ పేరు మార్పుకి ఆరు నెలల ముందు, దుబాయ్‌లో. మన సానియా మీర్జా నాలుగేళ్ళ తరవాత మళ్ళీ ఈ పోటీకొచ్చింది. అప్పటి ఫొటో ఒకటుంది, మీరూ చూసే ఉంటారు: ఒక చంకన ఏడాది దాటిన కొడుకు ఇజ్హాన్, రెండో చేతిలో రాకెట్. నేనైతే దాన్ని ఎన్నిసార్లు చూశానో. బరువు మోసే అమ్మ భుజం ఒకటి, సర్వీసు చేసే భుజం ఇంకొకటి. ఇండోనేషియాతో ఆఖరి టై. రుతుజా భోసలే ఓడింది, అంకిత గెలిచింది. గెలిచిన అంకిత ఒళ్ళు చల్లారకముందే సానియా పక్కన డబుల్స్‌కి నిలబడింది. మొదటి సెట్ టై-బ్రేక్ దాకా వెళ్ళింది. రెండోది 6-0! మన దేశం ప్లే-ఆఫ్‌కి వెళ్ళడం అదే మొదటిసారి. ఆ ఏడాది సానియాకి, పోటీ అప్పటి పేరుతోనే, ఫెడ్ కప్ హార్ట్ అవార్డిచ్చారు. భారతీయులెవరికీ అంతకుముందు రానిది. దాంతో వచ్చిన 2,000 డాలర్లనీ ఆమె తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చేసింది.

కరోనా వల్ల ఆ ప్లే-ఆఫ్ ఏడాది ఆలస్యమైంది. 2021 ఏప్రిల్లో లాత్వియాలోని యూర్మలలో, పైకప్పున్న కోర్టులో జరిగింది. అంకిత ఎదురుగా ఓస్టపెంకో, 2017 ఫ్రెంచ్ ఓపెన్ విజేత. మొదటి సెట్ అంకితది, 6-2. తరవాతి రెండూ 5-7, 5-7. రెండు సెట్లలోనూ ఆ చివరి రెండు గేములే చెయ్యిజారాయి. టై లాత్వియాకి పోయింది.

2025 నవంబరులో గుమ్మం మన దగ్గరికే వచ్చింది, బెంగళూరుకి. మూడేసి దేశాల గ్రూపులు ఏడు, గ్రూపులో మొదటి దేశానికే పైకి దారి. మనకి స్లోవేనియా, నెదర్లాండ్స్ తగిలాయి. మామూలు టోర్నీల్లో కోచ్ కోర్టు బయటే ఉంటాడు. ఇక్కడ కెప్టెన్ కోర్టులోనే, ఆడేవాళ్ళ పక్కనే బెంచీ మీద కూర్చుంటాడు. వైపులు మారినప్పుడల్లా మన కెప్టెన్ విశాల్ ఉప్పల్ వంగి ఏదో చెప్పడం, తువాలు మొహానికి అదుముకుని ఆడుతున్న పిల్ల తలూపడం. వినబడకపోయినా ఆ తలూపడం చూస్తే చాలు, నా గొంతు పట్టేస్తుంది. రెండు టైలూ ఓడాం. స్లోవేనియా లోపలికి వెళ్ళింది.

టీవీ కట్టేశాక అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే మళ్ళీ ఆ అయిదు రోజుల గ్రూపు ఆడాలన్నమాట" అంది. ఔనన్నాను. "ఎప్పుడో కాస్త ముందుగా చెప్పు, ఆ వారం ఎక్కడికీ వెళ్ళను" అంది.