తీగలో పాట లేదు

సింథసైజరు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పెళ్ళి పందిట్లో ఆర్కెస్ట్రా. ఒకే మనిషి ఒకే పెట్టె ముందు నిలబడి వేణువు, వయొలిను, తబలా అన్నీ తానే పలికించేస్తాడు. ఆ పెట్టె సంగతి మనం పెద్దగా పట్టించుకోం. మాది వ్యవసాయ కుటుంబం. మా యింట్లో సంగీతమంటే సంక్రాంతి నెలలో వచ్చే హరిదాసు, రామాలయం భజనలో హార్మోనియం, నాట్లప్పుడు ఆడవాళ్ళ పాటలు. అలాంటివాణ్ణి, ఫిజిక్సు చదువుకుంటూ 'మిడి' అనే మాట వెంట పడ్డానంటే దానికి కారణం మన యూనియన్ గదిలోని రెండు వాద్యాలే.

మొదటిది పూర్వ విద్యార్థి ఒకరు కాలేజీకి యిచ్చి వెళ్ళిన పాత సింథసైజరు. దాని నాదం గది నిండా పరుచుకుంటుంది. కానీ మెట్ల కింద కాంటాక్టులు అరిగిపోయి సగం పలకవు. రెండోది ఆ తర్వాత కొన్న కీబోర్డు. మెట్లన్నీ చక్కగా పలుకుతాయిగానీ, నాదం రేకు మీద చినుకులు పడ్డట్టుంటుంది. వార్షికోత్సవం దగ్గర పడేసరికి, పాతదాన్ని పాత సామాన్లవాడికి వేసేసి కొత్తది కొందామన్నారు మిత్రులు. ఆ డబ్బు బుక్ బ్యాంకుకని అట్టే పెట్టింది. బుక్ బ్యాంకు పుస్తకాలతోనే రెండేళ్ళు గట్టెక్కినవాణ్ణి కనుక నాకు మనసొప్పలేదు. రెండు వాద్యాల వెనకా అయిదు రంధ్రాల గుండ్రటి సాకెట్లున్నాయి. పక్కన ఇన్, అవుట్, త్రూ అని రాసి వుంది. అవేమిటో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

మిడి అంటే మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్. ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఆ తీగలో శబ్దం ప్రయాణం చెయ్యదు. మా నాన్న యింటి అరుగు మీద కూర్చుని చేలో బోరు మోటారుకి ఫోను చేస్తాడు. అక్కడున్న మొబైల్ స్టార్టరు అందుకుని మోటారు వేస్తుంది. ఫోనులోంచి నీళ్ళు వెళ్ళాయా? లేదు, వెళ్ళింది మాటే. నీళ్ళు బోరువి. యిక్కడా అంతే. మెట్టు నొక్కగానే మూడు సంఖ్యలు వెళ్తాయి. మొదటిది యేం చెయ్యాలో, యే ఛానలుకో చెబుతుంది. రెండోది యే మెట్టో చెబుతుంది, 0 నుంచి 127 దాకా. పియానో నడిమి 'సి' అయితే 60. మూడోది యెంత గట్టిగా నొక్కామో చెబుతుంది. నాదం పుట్టించే పని అందుకున్న వాద్యానిది.

తీగ మీద వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక్కో సంఖ్యకీ ముందొకటి వెనకొకటి కలుపుకుని పది బిట్లు. అంటే మూడింటికీ ముప్పై. లెక్క కట్టి చూడండి, ఒక మిల్లీసెకను కూడా పట్టదు. అందుకునే చివర ఆప్టో ఐసొలేటరు వుంటుంది. చిన్న దీపం వెలిగితే యెదుట వున్న కన్ను చూస్తుందన్నమాట. రెండు వాద్యాల మధ్య కరెంటు సంబంధం వుండదు కనుక యీ తీగ ద్వారా ఒకదాని 'గుయ్' మనే రొద రెండోదానికి పాకదు. ఒకే తీగలో 16 ఛానళ్ళు నడుస్తాయి. రచ్చబండ దగ్గర పోస్టుమాను పేర్లు పిలిస్తే యెవరి వుత్తరం వాళ్ళు అందుకున్నట్టు, యే వాద్యం తన ఛానలు మాటే వింటుంది.

యిది యెలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు కంపెనీకో పద్ధతి. ఒకరి వాద్యం యింకొకరి దానితో కలిసేది కాదు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ స్థాపించిన డేవ్ స్మిత్, చెట్ వుడ్‌తో కలిసి 1981లో అందరికీ ఒకే పద్ధతి వుండాలని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ముందు ఒక పత్రం పెట్టాడు. జపానులో రోలాండ్ అధిపతి ఇకుతారో కకెహాషిది కూడా అదే ఆలోచన. వ్యాపారంలో పోటీదార్లే అయినా కలిసి పనిచేశారు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600నీ, రోలాండ్ జుపిటర్-6నీ ఒక తీగతో కలిపితే, ఒకదాన్ని వాయిస్తే రెండోది పలికింది. అదే యేడు నిబంధనలు అచ్చయ్యాయి. వాడుకున్నందుకు రుసుము లేదు. 2013లో యిద్దరికీ టెక్నికల్ గ్రామీ వచ్చింది.

యిదంతా యింటి దగ్గర చెబితే మా నాన్న, "ఓరి, యింతేనా! యే కంపెనీ ట్రాక్టరుకైనా యే కంపెనీ రోటవేటరైనా తగులుకుంటుంది కదరా. కొక్కేలు ఒకే కొలతలో లేకపోతే రైతు గతేంగాను?" అన్నాడు. నేను నాలుగు రోజులు చదివింది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

యిక కలిపే సంగతి. రెండింటినీ ఆపేసి, కొత్తదాని అవుట్ నుంచి పాతదాని ఇన్‌కి తీగ పెట్టాలి. రెండు చివరలూ ఒకేలా వుంటాయి కనుక సాకెట్టు పేరు చదవడం ముఖ్యం. పంపే ఛానలూ వినే ఛానలూ ఒకటే వుండాలి. తీగలో శబ్దం రాదు కనుక పాతదాని నుంచి యాంప్లిఫయరుకి వేరే ఆడియో వైరు తప్పనిసరి. మూడో వాద్యం వుంటే రెండోదాని త్రూ నుంచి దాని ఇన్‌కి. యీ మధ్య వచ్చే కీబోర్డుల్లో చాలావాటికి యు.యస్.బి. మాత్రమే వుంటుంది. అలాంటివి రెండింటిని నేరుగా కలిపితే మామూలుగా పలకవు, మధ్యలో కంప్యూటరో ఫోనో వుండాలి.

కలిపి, కొత్తదాని మెట్టు నొక్కితే పాతది నిండుగా పలికింది. కొత్తదాని గొంతు తగ్గించేశాం. వార్షికోత్సవానికి అలాగే వాయించారు మనవాళ్ళు. ఖర్చు ఒక్క తీగ. బుక్ బ్యాంకు డబ్బు బుక్ బ్యాంకులోనే వుంది.

అయితే మన సంగీతానికి యిది పూర్తిగా చాలుతుందా అంటే చాలదు. మన గమకం పన్నెండు మెట్ల మధ్య సందుల్లో వూగుతుంది. దానికోసం పిచ్ బెండ్ చక్రం వుంది. అది 16,384 అంచెల్లో స్వరాన్ని వంచగలదు. కానీ ఆ ఛానల్లో పలికే స్వరాలన్నీ కలిసే వంగుతాయి. శ్రుతి నిలకడగా వుండి గానం ఒక్కటే వూగాలంటే రెండింటికీ వేరే ఛానళ్ళివ్వాలి. 2020లో వచ్చిన మిడి 2.0 ఒక్కో స్వరాన్నీ విడిగా వంచే వీలు కల్పించింది. యెన్ని వీలులున్నా ఆ చక్రం తిప్పే చేతికి గమకం తెలిసి వుండాలి. అది యే తీగలోంచీ రాదు, గురువు దగ్గర కూర్చుంటేనే వస్తుంది.

వచ్చే యేడు యూనియన్ బాధ్యతలు తీసుకునే మిత్రులకి ఒక మనవి. కొత్తది కొనే ముందు, వున్నవాటి వెనక ఒకసారి చూడండి. సంగీతం నేర్చినవాళ్ళు గదికి వస్తే, తీగలు కలిపి పెట్టడానికి సైన్సు విద్యార్థులం మేమున్నాం.