యోగ్యానుపలబ్ధి: కోలారు గనులలో కనబడిన రేఖలు

నేలపై కుండ లేదన్న జ్ఞానం ఎట్లా కలుగుతుంది? కన్ను నేలను చూస్తుంది, కుండను చూడదు. ఆ చూడకపోవడమే కుండ అభావానికి ప్రమాణమని భాట్ట మీమాంసకులు చెప్పారు. దానికి అనుపలబ్ధి అని పేరు పెట్టి ఆరవ ప్రమాణంగా నిలిపారు. వ్యవహారదశలో అద్వైతులూ దానిని స్వీకరించారు. ప్రాభాకరులు ఒప్పుకోలేదు, నైయాయికులు దానిని ప్రత్యక్షంలోనే ఇమిడ్చారు. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం. ఒప్పుకున్నవారు విధించిన నియమం మాత్రం ప్రస్తుతం. అనుపలబ్ధి యోగ్యమై ఉండాలి. కుండ ఉండి ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోతేనే అది లేదని నిశ్చయించవచ్చు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే దోషం కుండది కాదు. ధర్మాధర్మాలు ఏ ఇంద్రియానికీ గోచరించవు. అంతమాత్రాన అవి లేవని తేలదు.

ఈ నియమం కుండల దగ్గర ఆగిపోయేది కాదు. అర్ధ శతాబ్దంగా తెగని ఒక భౌతికశాస్త్ర వివాదం సరిగ్గా దీనిమీదనే నిలిచి ఉన్నది. ఆ వివాదం పుట్టిన చోటు పాకాలకు నైరుతి దిక్కున, సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉన్న కోలారు బంగారు గనులు. పాకాల జంక్షన్ నుండి కాట్పాడికి, అక్కడి నుండి బంగారుపేటకు వెళ్తే, అక్కడ చీలిన రైలుదారి మారికుప్పంలో ముగుస్తుంది. ఆ గనులు ఒక తరానికి కూలి దొరికిన చోటు, నేటి తరానికి ఒక సినిమా పేరు. అక్కడ విశ్వరహస్యాన్వేషణ జరిగిందన్న సంగతి ఇరుగుపొరుగు జిల్లాల వారికే అంతగా తెలియదు. పాకాల సమీపంలోని గాదంకి రాడారు పైకి చూసి వాతావరణాన్ని శోధిస్తుంది. కోలారులో శోధన కిందికి దిగి జరిగింది.

దిగడానికి కారణమున్నది. అంతరిక్షం నుండి వచ్చే కిరణాలు వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే కణాలు నిరంతరం భూమిపై వర్షిస్తుంటాయి. ఆ కోలాహలంలో న్యూట్రినో వంటి మౌనికణాన్ని గుర్తించడం అసాధ్యం. రాతిపొర ఎంత మందమైతే అంత నిశ్శబ్దం. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం కలిసి భూమికి 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చాయి. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ 1965లో అక్కడ దొరికింది. అదే ఏడు దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలోనూ దొరికింది.

వివాదం ఆ తరువాత వచ్చింది. నియాన్ వాయువు నింపిన గాజుగొట్టాల వరుసలలో కొన్ని విచిత్ర రేఖలు నమోదయ్యాయి. ఒక బిందువు నుండి రెండు మూడు రేఖలు విశాల కోణంలో చీలిపోతున్నాయి. న్యూట్రినో రాతిని ఢీకొంటే అట్లా చీలడం సహజమే. కాని ఈ రేఖలను వెనుకకు పొడిగిస్తే కలుసుకునే బిందువు రాతిలో లేదు. గోడకూ పరికరానికీ మధ్యనున్న గాలిలో, లేదా పరికరంలోని పలుచని భాగంలో ఉన్నది. గాలి అంత పలుచని పదార్థాన్ని న్యూట్రినో ఢీకొనడం దాదాపు అసంభవం. కనుక రాతిలో పుట్టిన ఏదో భారకణం కొంత దూరం నడిచి, గాలిలోకి వచ్చి విఘటనం చెందిందని 1975లో ఆ బృందం ప్రకటించింది. దాని ద్రవ్యరాశి ప్రోటానుకు కొన్ని రెట్లు, ఆయువు సెకనులో వందకోట్లవ వంతు మాత్రమని అంచనా. లోకం వాటిని కోలారు ఘటనలు అన్నది. 1980ల దశకంలోనూ అటువంటివి కనబడ్డాయి. అన్నీ కలిపినా వేళ్ళమీద లెక్కించదగినన్నే.

సెకనులో వందకోట్లవ వంతును దీర్ఘాయువు అంటారా అన్న సందేహం రావచ్చు. మానవుల సంవత్సరం దేవతలకు ఒక దినమన్న సంప్రదాయంలో పెరిగినవారికి ఇది కష్టం కాకూడదు. హిగ్స్ కణం వంటి భారకణాలు ఒక పరమాణువంత దూరం కూడా నడవకముందే నశిస్తాయి. వందకోట్లవ వంతు సెకనులో కాంతి 30 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ లోకంలో అది శతాయుష్షు.

అమెరికాలోని ఫెర్మీ ల్యాబ్‌లోను, ఐరోపాలోని సెర్న్‌లోను యంత్రాలతో న్యూట్రినో పుంజాలు సృష్టించి ఈ కణం కోసం వెదికారు. దొరకలేదు. దానితో చాలామంది విషయాన్ని ముగించారు. ముత్యపుచిప్పలో వెండిని చూసినట్లు కోలారు బృందం భ్రమపడిందని కొందరి భావం. అయితే భ్రమ అనడానికీ ఒక పద్ధతి ఉన్నది. ఇది వెండి కాదు అన్న బాధకజ్ఞానం పుట్టాలి, లేదా చూసిన కరణంలో దోషం తేలాలి. రెండూ లేనంతవరకు జ్ఞానం ప్రమాణమేనని మీమాంసకుల సిద్ధాంతం. మరి యంత్రాలలో దొరకకపోవడం బాధకజ్ఞానమా? ఆ కణం న్యూట్రినో తాకిడివల్లనే పుట్టినదై, ఆ పుంజాల శక్తికి అందేదైతే, ఆ అనుపలబ్ధి యోగ్యం. అది వేరే మూలం నుండి వచ్చినదైతే, ఆ వెదకడం చీకటి గదిలో కుండను వెదకడమే.

నేటి సెర్న్‌లో ఈ యోగ్యతా విచారమే ఒక ప్రత్యేక శాఖగా పెరిగింది. 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల లార్జ్ హాడ్రన్ కొలైడర్‌లో ప్రోటాన్ గుంపులు ప్రతి 25 నానో సెకన్లకు ఒకసారి ఎదురెదురుగా దాటుతాయి. సెకనుకు కోట్లకొలది జరిగే ఆ ఘటనలలో కొద్ది వేలు మాత్రమే భద్రమవుతాయి. మిగిలినవి ఆ క్షణంలోనే త్యజించబడతాయి. ఏది ఉంచాలో ఏది విడవాలో నిర్ణయించే ఏర్పాటును ట్రిగ్గర్ అంటారు. తాకిడి జరిగిన బిందువు నుండే రేఖలు బయలుదేరుతాయన్న భావనతో దానిని మొదట రూపొందించారు. ఒక కణం నాలుగు మీటర్లు నడిచి ఆపై విఘటనం చెందితే ఆ సంఘటన వ్యర్థమని పారవేయబడవచ్చు. ద్వారపాలకుడే అతిథిని గుర్తించక పంపివేస్తే గృహస్థు ఎవరూ రాలేదనే అనుకుంటాడు.

అందుచేత శోధన రీతులు మారాయి. తాకిడి బిందువుకు దూరంగా మొదలయ్యే రేఖలను ప్రత్యేకంగా వెదకుతున్నారు. పరికరపు లోహంలో చిక్కుకొని నిలిచిపోయిన కణం తరువాతెప్పుడో విఘటనం చెందవచ్చునని, తాకిడులు జరగని వేళలలో కూడా కాపలా కాస్తున్నారు. తాకిడి స్థానానికి 480 మీటర్ల దూరంలో, మధ్య రాతి అడ్డుగా, ఫేసర్ అనే చిన్న పరికరాన్ని అమర్చారు. అది 2022లో పని ఆరంభించింది. దాని ముందుభాగంలో ఉన్నది ఒకటిన్నర మీటర్ల శూన్యస్థలం. రాతిని దాటి వచ్చిన కణం అక్కడ చీలితే పట్టుకోవడానికి. కోలారులో యాదృచ్ఛికంగా లభించిన రాయి, గాలి, రేఖల అమరిక ఇక్కడ సంకల్పించి కట్టబడింది! 2023లో అది కొలైడర్‌లో పుట్టిన న్యూట్రినోలను చూసింది. కొత్త కణం కనబడలేదు.

కనబడలేదన్న మాటను వారు ప్రకటించే తీరు గమనార్హం. లేదు అని ఊరుకోరు. ఇంత ద్రవ్యరాశి, ఇంత ఆయువు, ఇంత తరచుగా పుట్టే స్వభావం గల కణం ఉండి ఉంటే ఈ పరికరానికి కనబడి ఉండేది, కనబడలేదు కనుక ఆ మేరకు లేదు అంటారు. భాట్టుల నియమానికి ఇంతకంటే శుద్ధమైన వ్యాఖ్యానం దొరకడం కష్టం. భారతదేశం 2004లో సెర్న్‌కు బహూకరించిన నటరాజమూర్తిని చూపి, ఈ కణాలన్నీ శాస్త్రాలలో ముందే ఉన్నాయని గర్వించేవారున్నారు. అది అనవసరపు ఆర్భాటం. శాస్త్రాలు ఏ కణం పేరూ చెప్పలేదు. లేదు అనే మాటకు ఎంత అధికారముందో మాత్రం కొలిచి చెప్పాయి.

కోలారు రేఖలకు 2014లో మరొక అర్థం ప్రతిపాదించబడింది. చెన్నై గణితశాస్త్ర సంస్థకు చెందిన జి. రాజశేఖరన్, ఎం.వి.ఎన్. మూర్తి ఆ కణం రాతిలో పుట్టినది కాదేమోనన్నారు. విశ్వమంతటా నిండి ఉన్నదని భావించే కృష్ణపదార్థపు కణం గని గాలిలో విఘటనం చెందిందేమో. అప్పుడు దాని ఆయువు వందకోట్లవ వంతు సెకను కాదు, విశ్వపు వయస్సుతో సమానం. ప్రత్యక్షం ఒకటే, అనుమానాలు రెండు. వాటి నడుమ కాలపు అంతరం ఊహకందనిది. ఈ రెండవ అర్థమే నిజమైతే న్యూట్రినో పుంజాలు దానిని సృష్టించి ఉండేవి కావు, ఆనాటి యంత్రాల అనుపలబ్ధి యోగ్యమూ కాదు.

దీనిని తేల్చాలంటే అంత లోతున, అంత నిశ్శబ్దంలో, ఇంకా పెద్ద గాలిగది కావాలి. కోలారు ప్రయోగశాల 1990ల ఆరంభంలో మూతపడింది. 2001లో గనులే మూతపడ్డాయి, లోతట్టు సొరంగాలను నీరు నింపింది. తమిళనాడులోని తేని జిల్లాలో కొండకింద తలపెట్టిన న్యూట్రినో వేధశాల గుహలో ఇటువంటి విఘటనలు పట్టుబడగలవా అన్న గణన జరిగింది. ఆ గుహ ఇంకా తవ్వబడలేదు.