పుట్టిలో దీవికి

దీవి అనగానే మనకు సముద్రమే గుర్తుకొస్తుంది. మక్తల్ ప్రాంతం వారికైతే దీవులు కృష్ణానదిలోనే ఉన్నాయి. వాటిని ఇక్కడ గడ్డలంటారు: కురుంగడ్డ, నారదగడ్డ, దిగువన గద్వాల వైపు గుర్రంగడ్డ. సంక్రాంతి సెలవుల్లో మేము పిల్లలతో కురుంగడ్డ చూసి వచ్చాం.

మక్తల్ నుండి పత్తి చేల మీదుగా పంచదేవ్‌పహాడ్ చేరాం. ఊరు దాటితే కృష్ణ రేవు. ఇవతలి ఒడ్డు మన నారాయణపేట జిల్లా. ఎదుటి దీవి కర్ణాటకలోని రాయచూరు జిల్లాది. దీనినే కురువపురం అని కూడా అంటారు. శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమని ఎందరో యాత్రికులు వస్తుంటారు.

మేము పుట్టిలో దాటాం. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రని బుట్ట. వెనుకటికి అడుగున తోలు తొడిగేవారు. ఇప్పుడు పట్టా కట్టి తారు పూస్తున్నారు. దానికి ముందూ వెనుకా లేవు. ఒక్క తెడ్డుతో నడుపుతుంటే తిరుగుతూ సాగుతుంది. బరువు సమంగా ఉండేలా అంచు చుట్టూ కూర్చోవాలి. మా చిన్నవాడు లేవబోతే, "కదలకు బిడ్డా" అని పుట్టి నడిపే పెద్దాయన గద్దించాడు.

దీవిమీద రాతి గుండ్లు, తుమ్మలు, పొలాలు, ఒక పెద్ద మర్రి. గుండ్లపై నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. పిల్లలకు పండుగే.

సాయంత్రం గాలి లేచింది. రేవులో ఒక్కటే పుట్టి. మేము ఎక్కి కూర్చున్నాక ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డను ఎత్తుకొని వచ్చింది. "మీరు దిగుండ్రి. బరువు తక్కువుంటే జల్ది పోతది" అన్నాడు పెద్దాయన. దిగాం గాని, చీకటి పడుతుందని, బస్సు తప్పుతుందని లోలోపల సణుక్కున్నాం.

ఒడ్డున చలికి వణుకుతుంటే ఒక ఇంటివారు పిలిచి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. జొన్నరొట్టెలు పెట్టారు. వరదొస్తే రేవు బందేనని ఆ ఇంటి అవ్వ చెప్పింది. 2009 అక్టోబరులో, 2019 ఆగస్టులో కృష్ణ ఎలా పొంగిందో మనకు తెలుసు. ఓడ పగిలి మెలితే ద్వీపం చేరిన పౌలుకూ తోటివారికీ అక్కడివారు నిప్పు రాజేసి ఆదరించిన సంగతి (అపొ. కార్యములు 28) ఎన్నిసార్లో చదివాం. ఆ రాత్రి మేమే ఆ పరదేశులం. మా సణుగుడుకు సిగ్గుపడ్డాం.

పెద్దాయన తిరిగొచ్చి, "ఆటో ఎక్కించిన" అన్నాడు. మేము సరదాకు వచ్చిన దారి ఆ తల్లికి ఆసుపత్రి దారి.

ప్రియ పాఠకులారా, వెళ్ళదలిస్తే వరద కాలంలో వెళ్ళకండి. లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి ఎక్కకండి. ఇల్లు చేరాక కుటుంబ ప్రార్థనలో ఆ బిడ్డ కోసం మోకరించాం. పేరు మాకు తెలియదు, ప్రభువుకు తెలుసు.