ఒకటే మ్యాపు, తలకో చరిత్ర

నెలగంట పెట్టేశారు. వాకిళ్ళలో చుక్కల ముగ్గులు, వంటిళ్ళలో అరిసెల పాకం, మన గదిలో సివిలైజేషన్ 6. రండి రండి, తలుపు వేసేయండి, చలిగాలి లోపలికొస్తోంది. మీ కుర్చీ మీకోసం అట్టే పెట్టాం. దాని మీద పడుకున్న పిల్లిని మాత్రం మీరే లేపుకోవాలి, అది మా మాట వినదు.

ధనుర్మాసపు పంతం సంగతి మీకు తెలిసిందే. అందరికీ ఒకటే సేవ్ ఫైల్. అదే మ్యాపు, అదే రాజు, క్రీ.పూ. 4000లో అదే గడి మీద నిలబడ్డ అదే సెట్లర్. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి తీరికను బట్టి వాళ్ళు ఆడుకుని, భోగి మంట వెలిగేలోగా చివరి సేవ్ పంపించాలి. తక్కువ టర్నుల్లో గెలిచినవారిది పైచేయి. బహుమతేమిటని అడక్కండి. వచ్చే నెల రాజును ఎంచే హక్కు, నాలుగు రోజుల గొప్పలు, అంతే. కఠినమైన నిబంధన ఒక్కటే: పని చెడిందని వెనక్కి వెళ్ళి పాత సేవ్ తెరవకూడదు. చూసేవాళ్ళెవరున్నారంటారా? ఇంట్లో పిల్లలున్నారు. ఈ విషయంలో వాళ్ళకు జాలీ దయా ఉండవు.

ఒకే బుట్టలో వంకాయలు పదిళ్ళకు పంచితే ఒకరింట గుత్తివంకాయ, ఒకరింట పచ్చిపులుసు, ఇంకొకరింట మాడిన వేపుడు తేలినట్టు, ఈ ఒక్క ఫైల్లోంచి ఎన్ని చరిత్రలు పుట్టుకొస్తాయో! ఒకరికి పొరుగున ఉన్న గిల్గమేష్ ప్రాణస్నేహితుడు. అదే గిల్గమేష్ ఇంకొకరి పొలాల్లో పడి దోచుకుపోతున్నాడు. ఇద్దరూ ఎదురుపడితే ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నారంటే నమ్మబుద్ధి కాదు.

ఇక మొదటి టర్ను దగ్గరే మన జట్టు రెండు ముక్కలు. నిలబడ్డ చోటే ఊరు కట్టేసేవాళ్ళు ఒక వైపు, ఇంకాస్త మంచి జాగా చూద్దామని నడిచేవాళ్ళు ఒక వైపు. నడిచేవాళ్ళదీ తప్పు కాదు. మంచినీళ్ళ పక్కన కట్టిన ఊరికి హౌసింగ్ 5తో మొదలవుతుంది, నీళ్ళు లేని చోట 2తో సరిపెట్టుకోవాలి. కాకపోతే మామూలు వేగంలో మొదట్లో ఒక్కో టర్నుకు 40 ఏళ్ళు గడిచిపోతాయి. నాలుగు టర్నులు నది వెతుక్కుంటూ తిరిగిన మహారాజు నూట అరవై ఏళ్ళు చెట్టు కిందే కాపురం ఉన్నట్టు లెక్క. మనలో వాస్తు పట్టింపు ఉన్న పెద్దాయన ఒకరున్నారు. ఈశాన్యాన కొండ పడిందని ఆయన బెంగ. కొండ పక్కన క్యాంపస్ పెడితే సైన్సు పెరుగుతుందని నచ్చజెప్పాక ఒప్పుకున్నారు గానీ, ఆ ఊరికి ఏ చెడు జరిగినా తప్పు ఇప్పటికీ కొండదే.

అన్నట్టు, అనాగరికుల స్కౌట్‌తో జాగ్రత్త. మన ఊరు కంటపడగానే వాడి తల మీద ఒక ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. వాడు శిబిరానికి తిరిగి వెళ్ళి కబురు చెప్పాడా, దండు దిగిపోతుంది. దారిలోనే ఆపాలి. పండగ ముందు అరిసెల వాసన బయటికి పొక్కకుండా కిటికీలు మూసే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది వేరే నేర్పనక్కర్లేదు.

ఇక యురేకాల ముచ్చట. వడిసెల వాడితో ఒక్క శత్రువును పడగొడితే విలువిద్యలో, రాతి గని ఒక్కటి తవ్వితే తాపీపనిలో కొంత భాగం దానంతటదే వచ్చేస్తుంది. 2018లో రైజ్ అండ్ ఫాల్ విస్తరణ వచ్చాక ఆ భాగం 40 శాతం. అంతకుముందు సగానికి సగం. ఆ రోజుల్లో ఎంత చౌకగా ఉండేదోనని నిట్టూర్చే పెద్దలు మన ఆటలోనూ తయారయ్యారు. ప్రీఫైనల్స్ దగ్గరపడ్డ ఇంటర్ పిల్లవాడొకడు తన లెక్కల పేపరుకూ ఇలాంటి సౌకర్యం ఉంటే బాగుండునన్నాడు. వాడి నాన్నగారు ఆ పూటకి లాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టారు. అది చదువు కోసమా, ఆయన టర్నుల కోసమా అన్నది తేలలేదు.

ఈ నెల మన రాజు చంద్రగుప్తుడు. ఆయన చేతిలో అర్థశాస్త్రం ఉంది. సైనిక శిక్షణ అనే సివిక్ అందగానే భూభాగ విస్తరణ పేరిట యుద్ధం ప్రకటించొచ్చు, మొదటి 10 టర్నులూ సైన్యం చురుగ్గా కదులుతుంది. ఇంత సౌకర్యం చేతికిచ్చాక ఊరుకుంటారా! ఇల్లూ ఆఫీసూ తప్ప ఎరగని, రోడ్డు మీద హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడే ఒక బ్యాంకు మేనేజరుగారు ఇద్దరు పొరుగువాళ్ళను మాయం చేసి, మూడోవాడి సరిహద్దులో ఏనుగులు నిలబెట్టారు. వరు అనే ఆ ఏనుగు పక్కన నిలబడితే చాలు, శత్రువు బలం తగ్గిపోతుంది. మేనేజరుగారి ఎదురుగా నిలబడితే అప్పు అడగడానికి వచ్చినవాళ్ళకూ అంతేనని ఆయన కింద పనిచేసేవాళ్ళ మాట.

యుద్ధం పడనివాళ్ళు మెట్ల బావులు తవ్వుకుంటున్నారు. భారతదేశానికి మాత్రమే దక్కిన కట్టడం అది, ఊరికి తిండీ హౌసింగూ రెండూ పెంచుతుంది. పొలం పక్కన తవ్వితే ఇంకా లాభం. హైదరాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్ల బావిని చెత్తంతా ఎత్తిపోసి బాగుచేశాక చూసొచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళ మ్యాపుల్లో ఇప్పుడు ఖాళీ గడి కనిపిస్తే బావే. ఒకావిడ ఏకంగా సైనికుల శిక్షణ ఆపేసి బావులు తవ్వించింది. శత్రువు వస్తే? దాహం తీర్చి పంపిస్తుందట.

ఇక ఆవిడ కథే కాసేపు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ నెలలో అందరూ చెవులు రిక్కించి వింటున్నది అదే. ఆవిడ మతవిజయానికి బయల్దేరింది. ఈ ఆటలో కొత్త మతానికి మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు కదా, ఆవకాయ అని పెట్టింది. ప్రతి రాజ్యంలోనూ సగానికి పైగా ఊళ్ళు ఆవకాయలో చేరితే విజయం ఆవిడదే. పొద్దున్నే తిరుప్పావై వింటూ, ఒక చేత్తో పొంగలి కలుపుతూ, రెండో చేత్తో ప్రబోధకులను సముద్రాలు దాటిస్తోంది. రెండు మతాల వాళ్ళు ఎదురుపడితే ఆకాశం నుంచి పిడుగులు పడతాయి. ఆ హడావిడిలో కాంగో రాజు మ్వెంబా మాత్రం చేతులు చాచి ఎదురొచ్చాడు. ఆయనకు సొంత మతం స్థాపించే వీల్లేదు, ఎవరైనా తెచ్చి పంచిపెడితే మహా సంతోషం. ఏథెన్సు ఆవకాయలోకి వచ్చింది, రోము వచ్చింది. కానీ నార్వే రాజు హరాల్డ్‌కు పడవల బలం లేనివాళ్ళంటే చులకన. ఆవిడకా, చేపల పడవ తప్ప వేరే పడవ లేదు. బోధకులు ఒడ్డు చేరేలోగా తీరంలోని రెండు ఊళ్ళు దోపిడీ పాలయ్యాయి. గెలుస్తుందో లేదో గానీ, అందరికన్నా ముందు గెలిచి కూర్చున్నాయన కథ రెండు వాక్యాల్లో అయిపోయింది, ఈవిడది వారం నుంచి నడుస్తూనే ఉంది. ఆ మొదటాయనకు కాస్త ఉక్రోషంగానే ఉంది. రెండు యుద్ధాలైనా ఓడిపోయి ఉండాల్సిందని ఇప్పుడు బాధపడుతున్నాడు.

అన్నట్టు, గాంధీగారు అణుబాంబు వేస్తారన్న పాత హాస్యం మళ్ళీ మొదలైంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ప్రతి ఏడాదీ ఇప్పుడే కనిపెట్టినట్టు చెబుతుంటారు. 1991 నాటి మొదటి ఆటలో గాంధీగారి దూకుడు అంకె 1 ఉండేదనీ, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి 2 తీసేస్తే లెక్క తిరగబడి 255 అయిందనీ ఆ కథ. వినడానికి ఎంత బాగుందో! అలాంటి తప్పు అసలు లేనే లేదని ఆట సృష్టికర్త సిడ్ మయర్ 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో తేల్చేశారు. నిజంగా అణ్వాయుధాల మోజు అంటగట్టింది 2010 నాటి ఐదో ఆటలో, అదీ సరదాకి, కావాలనే. ఈ సంగతి చెబితే కుర్రాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. కాబట్టి భోగి దాకా ఎవరూ చెప్పవద్దని మనవి.

ఇక ఆస్థాన కవుల వార్తలు. గొప్ప రచయితలు ఎవరి దగ్గర పాయింట్లు ముందు పోగైతే వాళ్ళ దగ్గర చేరతారు, పుట్టిన ఊరితో పనిలేదు. అలా ఒకరి మ్యాపులో వాల్మీకి నార్వే వెళ్ళిపోయాడు. మన చంద్రగుప్తుడి కొలువులో హోమర్ మహాకవి కూర్చుని గ్రీకు కావ్యం రాస్తున్నాడు. ఆర్యభటుడు ఎక్కడికి పోతాడోనని ఒక లెక్కల మాస్టారు నిద్రపోవడం లేదు. ఉన్న బంగారమంతా ధారపోసి ఆయన్ను దక్కించుకున్నారట. తర్వాత సైనికుల జీతాలకు డబ్బుల్లేక విల్లు పట్టినవాళ్ళు మానేసి వెళ్ళిపోయారు. మాస్టారికి చింత లేదు, ఆర్యభటుడున్నాడుగా.

వింత కట్టడాల దగ్గర ఏడుపులు మామూలే. ఒక్క టర్ను తేడాతో స్టోన్‌హెంజ్ పోగొట్టుకున్నవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు, పలకరించకండి. ఎదుటివాళ్ళు తనకన్నా ఎక్కువ కట్టడాలు కడితే మొహం మాడ్చుకునే చైనా చక్రవర్తి చిన్ షి హువాంగ్ మీద కోపంగా ఉన్నారు. ఆయన స్వభావం మనకు కొత్తేం కాదు. పక్కవాడు మేడ మీద మేడ వేస్తే నిద్రపట్టని మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు.

వరదల సంగతి. 2019 నాటి గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణ ఉన్నవాళ్ళకు నది ఒడ్డున ఊరంటే సరదా కాదు. నది పొంగితే పొలాలు పోతాయి, తీశాక చూస్తే కొన్ని గడుల్లో నేల మునుపటికన్నా బాగా పండుతుంది. గోదావరి లంకల నుంచి వచ్చిన మిత్రుడు ఈ ముక్క విని ఇందులో కొత్తేముందన్నట్టు చూశాడు. పట్నంలో పెరిగినవాళ్ళు ఆనకట్ట కట్టమంటారు, ఆయన మాత్రం ఒక వరద చూశాక కడదామంటాడు.

దూరాభారాల నుంచి ఆడేవాళ్ళ కబుర్లూ వినాలి. డాలస్‌లో క్రిస్మస్ సెలవులు, ఆఫీసులు సగం ఖాళీ, కాబట్టి అక్కడి మనవాళ్ళు కలియుగం దాకా లాగించేశారు. మెల్‌బోర్న్‌లో నడివేసవి. మనం దుప్పట్లో ముడుచుకుని ఆడుతుంటే వాళ్ళు ఫ్యాన్ కింద మామిడిపండు చప్పరిస్తూ మీట నొక్కుతున్నారు. ఒక జర్మన్ మిత్రుడు మనతో కలిసి ఆడీ ఆడీ, భోగి అంటే తెలుగులో గడువు తేదీ అనుకుంటున్నాడు. ఆఫీసులో పని త్వరగా తెమల్చమని చెప్పడానికి ఆ మాటే వాడుతున్నాడట. దిద్దడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఇక ఇళ్ళల్లో పరిస్థితి ఊహించుకోవచ్చు. ఇంకొక్క టర్ను, ఇంకొక్క టర్ను అంటూ తెల్లారిపోతోంది. ముగ్గు వేయడానికి నాలుగింటికి లేచిన ఒక ఇల్లాలు, హాల్లో దీపం చూసి, ఈయన ఇంత పొద్దున్నే లేచారే అని మురిసిపోయిందట. పడుకుంటే కదా లేవడానికి! ఆటవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? గెలిచాక వచ్చే తెరమీద కూడా ఇంకొక్క టర్ను ఆడతారా అని మీట పెట్టారు.

పండక్కి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు హాట్‌సీట్ పద్ధతికి సిద్ధమవుతున్నారు, అంటే ఒకే లాప్‌టాప్, వంతులవారీగా ఒకే కుర్చీ. దీంతో గొడవేమిటంటే కొత్త అల్లుళ్ళు. వారికి అలవాటు లేదు, మర్యాదకు కూర్చుంటారు. బావమరుదులకు మర్యాద తెలియదు. "బావగారూ, మీ రాజధాని చాలా బాగుందండీ" అని, మరుసటి వంతులో దాన్ని పట్టేసుకుంటారు. అలాంటి చోట అత్తగారు కలగజేసుకుని, ఊరు తిరిగి ఇప్పించి, పైన రెండు మెట్ల బావులు కూడా అల్లుడిగారి పేర పెట్టించిన సందర్భాలున్నాయి. శాంతి ఒప్పందాల్లో ఇంత గట్టివి రాజులు కూడా చేయలేరు.

కష్టం ఇష్టపడే ధీరులు ఒకరిద్దరు ఇదే మ్యాపును డీటీ స్థాయిలో మళ్ళీ ఆడుతున్నారు. అందులో కంప్యూటరు రాజులు ముగ్గురేసి సెట్లర్లతో మొదలెడతారు, మనకు ఒక్కడే. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటున్నారు. ఎన్ని ఊళ్ళు మిగిలాయని అడిగితే కాఫీ అడుగుతున్నారు.

అన్నట్టు, వచ్చే నెల రాజు ఎవరో గుసగుసగా తెలిసింది. మావోరీల కుపే. ఆయన సెట్లర్ నేల మీద కాదు, నడిసముద్రంలో మొదలవుతాడు. ఊరు కట్టే దాకా టర్నుకు 2 సైన్సు, 2 కల్చర్ ఊరికే వస్తుంటాయి. అందుకని తొందరపడి దిగాలా, తేలుతూ ఉండాలా అన్న వాదన ఫైల్ రాకముందే మొదలైంది. ఫైల్ కనుమ నాడు పంపుతారట. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, అందరూ ఇళ్ళల్లోనే దొరుకుతారని నిర్వాహకుడి లెక్క. మన వాస్తు పెద్దాయన మాత్రం ఆ రోజు ఓడ కదిపేది లేదని ఇప్పటి నుంచే ఖరాఖండీగా చెబుతున్నారు.