చందా లేని కార్ల సంఘం

పాత బియ్యం, పాత ఊరగాయ, పాత స్నేహం, ఈ మూడింటికీ సాటి లేదని మా అమ్మమ్మ అంటూండేది. పాత కారు ఊసు మాత్రం ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు. ఆవిడ ఎరిగిన కారల్లా ఊళ్ళో డాక్టరుగారిదొక్కటే. అది ఎప్పుడు చూసినా పాతదే గనక కొత్త కారంటే ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసే అవకాశమే లేకపోయింది.

ఇంగ్లీషువాళ్ళు అలా కాదు. మనకి కులసంఘాలున్నట్టు వాళ్ళకి కారుసంఘాలు. ఎం.జి. కార్ల వాళ్ళ సంఘం 1930లోనే పుట్టింది. రోల్స్‌రాయిస్ వాళ్ళ ‘ట్వంటీ ఘోస్ట్ క్లబ్’ 1949 నాటిది. మోరిస్‌లకో సంఘం, ఆస్టిన్‌లకో సంఘం, ట్రయంఫ్‌లకో సంఘం. ఒక్క కంపెనీలోనే ఈ మోడల్ వాళ్ళదో కుంపటి, ఆ మోడల్ వాళ్ళదో కుంపటి.

ఏం చేస్తారయ్యా కలుసుకుని అంటే, పెద్దగా ఏమీ చెయ్యరు. కాస్త ఎండ పొడిస్తే చాలు, బళ్ళేసుకుని బారుగా ఏ పల్లెటూరికో, పాడుపడ్డ కోటకో పోతారు. గడ్డిమీద దుప్పటి పరుచుకుని ఇంటినించి తెచ్చుకున్నది తింటారు, ఫ్లాస్కులో టీ తాగుతారు. ఆ తర్వాత మగవాళ్ళందరూ ఒక బానెట్ ఎత్తి, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలా అందులోకి వంగి చూస్తూ నిలబడతారు. ఆడవాళ్ళు ఫ్లాస్కు మూత బిగించి, ఇహ బయల్దేరదామా అంటారు. బయల్దేరరు.

నవ్వులాటకి అన్నాను గాని, ఆ వంగి చూడడంలోనే ఉంది అసలు పనంతా. కంపెనీ మూతపడి ముప్ఫై నలభై ఏళ్ళయినా కార్లకి సామాన్లు కావాలి కదా. ఏ కారు ఏ ఏడాదిది, ఎవరి దగ్గరుంది, ఏ వాషరు దేనికి సరిపోతుంది అని చిట్టాలు రాసి పెట్టుకునేది సంఘాలే. నలుగురూ డబ్బు వేసుకుని దొరకని సామాను కొత్తగా చేయించుకునేదీ సంఘాలే. షికారు పైకి కనపడే వేషం; లోపల జరిగేది వైద్యం.

వాళ్ళ షికార్లన్నిటికీ పెద్దమ్మ లాంటిది లండన్ నించి బ్రైటన్ వెళ్ళే పరుగు. ఇంజను బండి రోడ్డెక్కితే దాని ముందర ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలని 1865లో అక్కడ చట్టం చేశారు. జెండా నిబంధన తర్వాత సడలినా మనిషి నడవడం మాత్రం తప్పలేదు. 1896లో ఆ బాధ తీరిపోయి, వేగం గంటకి 14 మైళ్ళదాకా పోవచ్చన్నారు. ఆ సంబరంలో నవంబరు 14న కార్లవాళ్ళు బ్రైటన్ దాకా యాభై పైచిలుకు మైళ్ళు పరిగెత్తారు. 1927 నించి దాదాపు ఏటా నవంబరులో ఆ పరుగు మళ్ళీ జరుపుతున్నారు. 1905కి ముందరి బళ్ళకే ప్రవేశం. మిట్ట వస్తే ఎక్కినవాళ్ళు దిగి తొయ్యవలసిందే. అయినా వాటిని లారీలకెత్తి తీసుకుపోరు. నడిచే పోవాలి. నాకు నచ్చింది అదీ.

మన హైదరాబాదులోనూ డెక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్స్ అసోసియేషన్ అని పాతకార్ల వాళ్ళ సంఘం ఒకటి ఉంది. పాతకార్లు నాలుగు ఒకచోట చేరితే చూడాలి, పేరంటానికి వచ్చిన ముత్తయిదువుల్లా మెరిసిపోతూ ఉంటాయి. ముట్టుకోవద్దంటారు. తలుపు తీస్తామంటే చేతులడ్డం పెడతారు.

ముట్టుకోకూడని కార్లలోకెల్లా పెద్ద కారు మాకు ఆటోలో అరగంట దూరంలోనే ఉంది. చౌమహల్లా పాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది. ఒళ్ళు కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పురమాయించారు, బండి చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. ఆ తర్వాత ఉత్సవాలకి తప్ప అది గుమ్మం దాటింది తక్కువ. పుట్టి బుద్ధెరిగాక కొన్ని వందల మైళ్ళకి మించి తిరగలేదట. అద్దాల వెనకాల దాన్ని చూసినప్పుడల్లా, బోలెడు బంగారం పెట్టి ఇంట్లోనే కూర్చోబెట్టిన జమీందారీ కోడలు గుర్తొస్తుంది నాకు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఆ కారు గురించి కాదు. మా సంతోష్‌నగర్ గురించి.

అంబాసిడర్ స్వదేశీ కారని మనమంతా అనుకుంటాం. పుట్టిల్లు ఇంగ్లండు. ఆక్స్‌ఫర్డులో సైకిళ్ళు బాగుచేసుకునే విలియం మోరిస్ అనే ఆయన 1913లో మొదటి కారు చేసి, దానికి ఊరి పేరే పెట్టి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అన్నాడు. ఆ పేరుతోనే తర్వాత వచ్చిన మూడో సిరీస్ కారుని బిర్లాల హిందుస్తాన్ మోటార్స్ తెచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడరని నామకరణం చేసింది. ఆక్స్‌ఫర్డు వాళ్ళు ఆ మోడల్‌ని ఎప్పుడో మర్చిపోయారు. మన దగ్గర 1950ల చివరినించి 2014 దాకా అది పుడుతూనే ఉంది. మెట్టినింట్లోనే దానికి నూరేళ్ళ ఆయుష్షు దొరికిందన్నమాట. మద్రాసులో చేసిన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు ట్రయంఫ్ వారి పిల్ల. బుల్లెట్ మోటారుసైకిలుది ఇంగ్లండులో రెడిచ్ అనే ఊరు. 1955లో మద్రాసు చేరింది.

ఈ లెక్కన నా చిన్నతనంలో మా వీధి వీధంతా బ్రిటిష్ కార్ల సంఘమే! సభ్యులకే ఆ సంగతి తెలియదు. కంచన్‌బాగ్‌లో డి.ఆర్.డి.ఎల్.లోనూ, మిధానీలోనూ పనిచేసేవాళ్ళకి స్కూటర్లుండేవి. కారున్న ఇళ్ళు మూడో నాలుగో. అయితే ఆ మూడు నాలుగు కార్లూ వీధి మొత్తానివి. నొప్పులొచ్చిన పిల్లని ఆస్పత్రికి చేర్చినా, పెళ్ళికొడుకుని విడిదికి తెచ్చినా, నాంపల్లి స్టేషనుకి ఆవకాయ జాడీలతో చుట్టాల్ని దింపినా అవే. హెరాల్డ్‌కి బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకునేది. అది చూడ్డానికి మేం బడి మానేసేవాళ్ళం. దాని ఇంజనులో సగం మాకు కంఠతా వచ్చు.

ఇప్పుడా కార్లలో మిగిలింది ఒక్కటి. మా పక్కింటి పిన్నిగారి అంబాసిడర్. మార్క్ 3, 1977 నాటిది, పాలమీగడ రంగు. బాబాయిగారికి చూపు మందగించాక, యాభై ఏళ్ళ వయసులో పిన్నిగారు దానిమీదే డ్రైవింగ్ నేర్చుకున్నారు. స్టీరింగు పక్కనుండే గేరు వెయ్యడానికి రెండు చేతులూ పట్టేవిట మొదట్లో. బాబాయిగారు పోయి ఎనిమిదేళ్ళయింది. డెబ్భై రెండేళ్ళ ఆవిడ ఇప్పటికీ సైదాబాద్ కూరగాయల మార్కెట్టుకి అందులోనే వెళ్తారు. మొత్తం వీధికి వినపడేటట్టు.

నిరుడు అమెరికానించి అబ్బాయిలు ఫోను చేశారు. ‘ఈ వయసులో ఆ డొక్కు కారేమిటమ్మా, అమ్మేసెయ్యి’ అని. తుక్కు వ్యాపారి వచ్చి గోడ కొలిచినట్టు కొలిచి, తూకానికి బేరం చెప్పి పోయాడు. అబ్బాయిలకి మరీ అంత మనసొప్పలేదు కాబోలు, ఇంకో ఉపాయం చెప్పారు. 2021లో కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండిని ‘వింటేజ్’ కింద రాయించుకోవచ్చు. నంబరు పలకమీద వి.ఎ. అని అక్షరాలిస్తారు. మర్యాదగా ఉంటుంది, ఏ సంఘంవాళ్ళకో ఇస్తే బాగా చూసుకుంటారు అని.

పిన్నిగారు కాగితం తెప్పించి చదివించుకున్నారు. యాభై నిండడానికి 2027 రావాలి, సరే. కింద ఇంకో ముక్క ఉంది. ఆ పలక ఉన్న బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, మరమ్మత్తుకి, అలాంటి పనులకే రోడ్డెక్కించాలి. రోజువారీ వాడకానికి పనికిరాదు.

“అంటే మార్కెట్టుకి పోకూడదా?” అన్నారు.

“పోకూడదట పిన్నిగారూ.”

“అయితే దానికి జరిగేది సన్మానం కాదమ్మాయ్, సన్యాసం. దానికి ఇవాళ శాలువా కప్పి కూర్చోబెడతారు. రేపు నన్నూ అలాగే కూర్చోబెడతారు.”

ఆవిడ తరఫు వకీలు ఉస్తాద్ చాచా. రోడ్డు మలుపులో రేకుల షెడ్డు ఆయనది. నల్లబడ్డ చెక్కపెట్టెలో ఇంచీ పానాలుంటాయి. ఇప్పటి కార్ల నట్లన్నీ మిల్లీమీటర్లవి. అంబాసిడర్‌కి అవి పట్టవు, ఒకవేళ పట్టినా నట్టు అంచులు తినేస్తాయి. ఆ పెట్టె ఆయన తన ఉస్తాద్ దగ్గర్నించి తీసుకున్నాడు. “అమ్మా, బండి కూసోబెడితే ఖరాబైతది. నడిపిస్తేనే బతుకుతది. ఫికర్ నక్కో” అని ఒక్కటే మాట ఆయనది. అది నిజం కూడాను. నిలబెట్టిన బండిలో బ్యాటరీ చస్తుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, టైర్లు ఒక పక్క బల్లపరుపు అవుతాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు. అది నీటిని పీలుస్తుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలని తినేస్తుంది. వాడకుండా ఉంచితే ట్యాంకు తుప్పు పట్టిపోతుంది. చాచా అప్పుడే గొట్టాలన్నీ మార్పించేశాడు.

అలా మొదలైంది మా సంఘం. నెలకో ఆదివారం. సభ్యులు: పిన్నిగారి అంబాసిడర్, సైదాబాద్‌లో ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగిగారి హెరాల్డ్, చాచా మనవడి చేతిలో ఒక పాత బుల్లెట్. రెండు చక్రాలదైనా ఇంగ్లీషు రక్తమే గనక చేర్చుకున్నాం. నేను కార్యదర్శిని, అంటే ఫ్లాస్కు నా వంతు.

మే నెలలో ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకి పోయాం. చంపాపేట దాటి సాగర్ రోడ్డు పడితే, తెల్లవారుజామున గంట లోపలే. చెరువు గట్టుమీద దుప్పటి, పులిహోర, చాచా ఇంటి కీమా సమోసాలు. పిన్నిగారికి పులిహోర చాలు. సమోసా వాసన పీల్చి బాగున్నాయన్నారు. ఆ తర్వాత మగవాళ్ళు బానెట్ ఎత్తారు. పిన్నిగారు నా పక్కన కూర్చోలేదు. వాళ్ళ మధ్యకి పోయి వంగారు.

తిరుగు ప్రయాణంలో ఎండ ముదిరింది. నడిరోడ్డులో బండి రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతే పంపు లాగలేదట. నేను గాభరాపడుతుంటే పిన్నిగారు డిక్కీలోంచి మరచెంబు, పాత పంచెముక్క తీశారు. బాబాయిగారి పంచె. చాచా మనవడు దాన్ని తడిపి పంపుకి చుట్టబోయాడు. “అక్కడ కాదురా, కింద” అని పిన్నిగారు వాడి చెయ్యి పట్టుకుని చూపించారు. చాచా దూరంగా నిలబడి చూస్తున్నాడు, కల్పించుకోలేదు. పెట్టె మోసుకొచ్చిన కుర్రాడి చేత పదిహేను నిమిషాల్లో ఇంచీ పానా పట్టించి, గొట్టం బిగింపించి, మళ్ళీ స్టార్ట్ చేయించారు ఆవిడ. ఆగి చూస్తున్నవాళ్ళు కొందరు వీడియోలు తీసుకున్నారు. ఒకాయన మాత్రం ఫోను జేబులో పెట్టుకుని వెనకనించి తోశాడు.

ఆ రాత్రి ఫోనులో పిన్నిగారు అబ్బాయిలతో అన్నమాట గోడకివతల నాకు వినబడింది. “అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటా. నేనాపేస్తే అప్పుడు చూద్దురుగాని. నా తర్వాత చాచా మనవడికి ఇచ్చెయ్యండి, తూకానికి కాదు.” అవతలివాళ్ళు ఏమన్నారో తెలియదు. చాలాసేపు మాట్లాడుకున్నారు.

నిజాం గారి పచ్చకారు చౌమహల్లాలో చల్లగా ఉండాలి, ఉండవలసిందే. అందరూ వెళ్ళి చూడండి. కాని చేసినవాళ్ళు పోయినా, పానాలు తరిగిపోయినా, ఒక యంత్రం బతికుండాలంటే దాని గుట్టు ఒక చేతినించి ఇంకో చేతికి పోతూండాలి. అది అద్దాల వెనకాల జరగదు. రోడ్డు పక్కన, ఎండలో, బండి ఆగిపోయినప్పుడే జరుగుతుంది.

మా సంఘానికి చందా లేదు, కార్డు లేదు. కారు ఉండాలన్న నియమం కూడా లేదు. తోసేవాళ్ళకి ఎప్పుడూ ఖాళీలున్నాయి.